మేము, మనం

ముప్పై రెండేళ్ళు ఆత్మకూరు బస్సులో
ఒకటే ప్రశ్న అడిగా నేను: "యాడికి?"
యాడినుంచని ఎవర్నీ అడగలా.
ఎక్కిన చోటు నా కళ్ళెదుటిదే గదా.

రిటైరయ్యాక పెన్న ఒడ్డున, వెంకటేశ్వరపురంలో
మూతబడిన కుట్టుసెంటరు గదిలో
మంగళ శుక్రవారాలు సాయంత్రం ఆరింటికి
తెలుగు చెప్తుండా.
షట్టరు తుప్పుపట్టింది, ఒక్క చేతికి లొంగదు.
మూల మూడు మిషన్లు దుప్పట్లు కప్పుకుని పడుకోనుంటాయి.
బోర్డు మీద ఎవరిదో జాకెట్టు కొలత
ఛాతీ ముప్పై నాలుగు, చెయ్యి తొమ్మిది
ఎంత తుడిచినా పోదు.
దాని కిందనే అ, ఆ.

పద్నాలుగు మంది. వాన పడితే అయిదుగురు.
సెనోవారా రొయ్యల కంపెనీనించి నేరుగా వస్తుంది.
అయిసులో నానిన వేళ్ళు బలపం పట్టవు,
కాసేపు చంకల్లో దాచుకుని
అప్పుడు మొదలుపెడుతుంది.
తవమలర్ ఇడియాప్పం బుట్ట గడప పక్కన దించి
మిగిలినవి పిల్లలకి పంచేదాకా పాఠం సాగనీదు.
షుకూర్ తాతకి ఒత్తులూ గుడులూ వద్దంట.
మాత్ర పొద్దున్నా, రాత్రా,
ఆ చీటీ చదవడం వస్తే చాలంట.

మొదటి నెల పుస్తకంలో తెలుగే చెప్పా.
"మీరు ఎక్కడికి వెళ్ళుచున్నారు?"
సెనోవారా మద్రాసు బస్టాండులో
అదే మాట ఆటో అతన్ని అడిగింది.
అతను దణ్ణం పెట్టి
"హరికథ యాడ తల్లీ ఈ రాత్రికి?" అన్నాడంట.
పుస్తకాన్ని ఆ రోజే మిషను సొరుగులో పెట్టి తాళమేశా.
ఇప్పుడు చూడాల!
"ఎంతబ్బయ్యా? అంతా? పో, పో!"
అచ్చం మూలాపేట ఆడోళ్ళే.

ఆ మంగళవారం మేము, మనం పాఠం.
తవమలర్ నవ్వింది.
"నాంగళ్, నామ్. మాకూ ఉండాయి టీచర్."
సెనోవారా బాసలో లేవు.
లోపలున్నోళ్ళకీ బయటున్నోళ్ళకీ
వాళ్ళకి ఒకటే మాట.
సుద్దముక్కతో నేలమీద పెద్ద సున్నా చుట్టా.
మా వాళ్ళం ఇందులో, నువ్వు బయట: మేము.
నువ్వూ వస్తే, మనం.

ఆ గీతని చానాసేపు చూసింది.
చెప్పులు విడిచి లోపలికి అడుగేసింది.
"ఇప్పుడు?"
"ఇప్పుడు మనం."
వెనక్కి జరిగింది. "ఇప్పుడు?"
"మేము."
పిల్లలు తొక్కుడుబిళ్ళ అనుకున్నారు.
మేము మనం మేము మనం
దూకి దూకి సున్నా చెరిపేసిందాకా ఆగలా.
షుకూర్ తాత నవ్వీ నవ్వీ దగ్గులో పడ్డాడు.

శుక్రవారం ఇద్దరు పోలీసులొచ్చారు, ఒక రిజిస్టరుతో.
"ఎవరమ్మా వీళ్ళంతా?"
నిండు బస్సులో తలకాయలు తప్పుగా ఎంచని నోరు నాది.
"వాళ్ళా సార్? వాళ్ళు... పద్నాలుగు మంది."
లెక్క సరిగ్గానే చెప్పా.
పేర్లు రాసుకున్నారు. ఫోటోలు తీసుకున్నారు.
సెనోవారా పేరు రెండుసార్లు తప్పు రాసి
మూడోసారి ఆమెనే రాయమన్నారు.
రాసింది. దీర్ఘం కాస్త వంకర.

జీపు పోయాక ఎవరూ పలకలేదు.
వీధిలో మంచినీళ్ళ ట్యాంకరు హారను కొడుతున్నా
బిందెలకోసం ఒక్కరూ లేవలేదు.
సెనోవారా నోటుబుక్కులో ఒక మాట రాసి నాకు చూపించింది.
వాళ్ళు.
"ఇది చెప్పలేదు టీచర్.
సున్నాకి ఎంత దూరం?"

బుచ్చికెంత, సంగానికెంత
నిద్రలో లేపి అడిగినా చెప్తా.
దీనికి నా దగ్గర చార్జీ లేదు.

సుద్దముక్క ఎక్కడో పడిపోతే
దాన్ని వెతుకుతున్నట్టు వంగా.
అంతలో కరెంటు పోయింది.
పిల్లలు బయటికి పరిగెత్తారు, తవమలర్ బుట్ట ఎత్తుకుంది.
చీకట్లో గడప దగ్గరనించి
షట్టరు మీద ఒక చెయ్యేసి
సెనోవారా అడిగింది:

"టీచర్, మనం వేద్దామా,
మేమే వెయ్యాల్నా?"